సీసపు నాణెం

రాత్రి ఎనిమిదిన్నరకు
వారాసిగూడల మా గల్లీ కుక్కర్లు కూడా
ఆచితూచి కూస్తయి.
రేవసిరి మహారాణి వస్తది గదా.

రెండువేల ఏండ్ల కిందటి రాణి.
జుట్టు మాత్రం నిన్న సెలూన్ల ఆరబెట్టినట్టుంటది.
ఉండనీ, మాకేం పట్టింపు?
పట్టింపు ఒక్క విఠలయ్య సారుకే,
ముప్పై నాలుగేండ్లు మ్యూజియంల
గాజు బీరువాల దుమ్ము తుడిచి రిటైరైన మనిషి.
మా ఇంట్ల స్టూలు మీద కూసొని
యుద్ధం నడుమ లేస్తడు:
"గుర్రానికి రికాబులు యాడియి? అప్పుడు లేవు!"
రాణి ముంగట విస్తరి పెడితే
"మిరపకాయ! అగో, మిరపకాయ!
అది పడవెక్కి మన దిక్కు వచ్చి ఐదొందల ఏండ్లే!"
అండాలు అత్త చిక్కుడుకాయల ఈనె తీసుకుంటనే అంటది:
"తిననియ్యవయ్యా పిల్లను,
పొద్దటి సంది పస్తున్నది."

నాకు ఆయన మీద కోపం.
రేవసిరి బ్లౌజని, వీపు మీద తామర మొగ్గ పెట్టి
దసరా లోపల నలభై ఒక్కటి కుట్టిన.
మిషను కిస్తీ దాంతోనే కట్టిన.
"ఆ కాలంల కుట్టిన రైక యాడిదమ్మా" అన్నడు,
గిరాకీ ముంగటనే.
రెండు దినాలు చాయ్ పొయ్యలే.

గురువారం నాడు
మంత్రి కొడుకు పాలల్ల విషం కలిపిండు.
ప్రోమోల చూసిందే, తెలిసిందే,
అయినా అందరం అరిచినం, తాగకని.
ఖమర్ ఆపా తస్బీ పట్టుకొనే ఉరికి
తెర మీద గిన్నెకు అరచెయ్యి అడ్డం పెట్టింది.
ఆమె వేళ్ల సందుల నుంచే తాగింది రాణి.

తెల్లారి తొమ్మిదింటి దాకా
పాల ప్యాకెట్లు మెట్ల మీదనే ఉన్నయి.
పైసలు ఎక్కువ అడిగిందట, అందుకే చంపిండ్రట.
కాదు, ఆ పిల్లకు పెండ్లి కుదిరిందట.
"పెండ్లైతే చంపుతరా?" అని అత్త అడిగింది.
ఎవ్వరం మాట్లాడలే.
గుడ్డూ గాడు అట్ట కత్తి దూసి
మంత్రి కొడుకు కోసం పార్సిగుట్ట మూల దాకా పోయి
మిర్చిబజ్జీలు తిని వచ్చిండు.

విఠలయ్య సారు ఆ రాత్రి ఒక్క తప్పు పట్టలే.
స్టూలు మీద కండ్లద్దాలు మరిచిపోయిండు.

ఆదివారం తనే వచ్చి "నడువుండ్రి" అన్నడు.
ఎనిమిది మందిమి, రెండు బస్సులు మారి
పబ్లిక్ గార్డెన్ల దిగినం.
గాజు కింద సీసపు నాణెం.
నా హుక్కుల డబ్బాల పడితే దొరకదు, గంతే ఉన్నది.
దాని మీద అరిగిపోయిన ఏనుగు, తొండం సగమే.
"రాణి బొమ్మ లేదా?"
"దీని మీద లేదు."
అత్త గాజుకు ముక్కు ఆనించింది.
"ఇది ఆమె చేతిల పడి ఉంటదా సారూ?"

నేను ఆయన మొకం చూసిన.
ఒక్క మిరపకాయకు ఒప్పుకోని మనిషి.
రేవసిరి అనే మనిషే పుట్టలేదని
మొదటి వారమే తేల్చి చెప్పిన మనిషి.
దస్తీ తీసి, గాజు మీద అత్త ఊపిరి మచ్చ
తుడిచిండు, అలవాటుగ.
"పడే ఉంటదమ్మా.
ఉప్పుకో పూలకో ఇచ్చి ఉంటది."

అత్త జడల నుంచి ఒక్క మల్లెపువ్వు తీసి గాజు మీద పెట్టింది.
కావలి పిల్లగాడు "తియ్యాలె అమ్మా" అనబోయి
సారును గుర్తుపట్టి
పక్క గదిలకు పోయిండు.

సోమవారం చిన్న రాణి వచ్చింది.
చూడొద్దని ఒట్టు పెట్టుకున్నం.
మిగిలిన మూడు తామర బ్లౌజులు మడిచి
అటక మీద పెట్టిన.
ఎనిమిది ముప్పై ఐదుకు టీవీ ఎవరు పెట్టిండ్రో తెల్వదు.
గుండ్రటి మెడ, అంచుకు ముత్యాలు.
నేను చాక్‌పీసు తీసిన.
చిన్న రాణి వంటింట్లకు పోయి కత్తిపీట ముందల కూసున్నది.

స్టూలు కిర్రుమన్నది.
"టమాట!"